మల్వేనీ గారి మనుషులు

ఫింటన్ మల్వేనీ గారికి ఒకే ఒక్క జబ్బు ఉంది. ఎవరు ఏ కష్టం చెప్పుకున్నా, సగం వినగానే టోపీ అంచు మీద వేలు పెట్టి, ఎడమ కన్ను మూసి, "నాకో మనిషి తెలుసు" అంటారు. కుళాయి కారుతోందన్నా అదే మాట. కూతురికి పెళ్ళి కుదరడం లేదన్నా అదే మాట. ఒక ఆదివారం పాదిరిగారు ప్రసంగం మధ్యలో చేతులు పైకెత్తి, "ఈ లోకాన్ని పాపంలోంచి ఎవరు లేవనెత్తగలరు?" అని అడిగితే, వెనక బెంచీలో కునుకు తీస్తున్న మల్వేనీ గారు ఉలిక్కిపడి లేచి, "నాకో మనిషి తెలుసు" అన్నారట. పాదిరిగారు ఒక్క క్షణం ఆగి, "నాకూ తెలుసు ఫింటన్, ఆయన సంగతే చెప్పబోతున్నాను, కూర్చో" అన్నారట.

మల్వేనీ గారిది ఐర్లండు. ఇరవై ఏళ్ళ వయసులో, వానా రాళ్ళూ తప్ప మరేమీ పండని జిల్లా నుంచి మాంట్రియల్ వచ్చి, పాయింట్ సెయింట్ చార్లెస్ అనే పేటలో రైలు వర్క్‌షాపులో చేరారు. అప్పటినుంచి అర్ధ శతాబ్దంగా ఆ పేట రాజకీయమంతా ఆయన చేతిలోనే ఉంది. తాను మాత్రం ఎన్నడూ ఎన్నికల్లో నిలబడలేదు. ఇతరులను నిలబెట్టేవారు. మన వైపు ఇలాంటివాళ్ళను చక్రం తిప్పేవాళ్ళు అంటాం. వాళ్ళ ఫొటో పేపర్లో రాదు, కానీ వాళ్ళు తుమ్మితే పేపరాఫీసులో జలుబు చేస్తుంది.

ఆయన నిలబెట్టిన మొదటి అభ్యర్థికి ఒక లోపం ఉండేది. నోరు విప్పితే ఓట్లు పోయేవి. ప్రత్యర్థి గొప్ప వక్త. మల్వేనీ గారు ఆలోచించి, ప్రచారం ముగిసేదాకా తన అభ్యర్థిని సభల దాపులకే పోనివ్వకుండా, పేటలో ఎవరు పోతే వాళ్ళింటికి తీసుకెళ్ళారు. చావింట్లో మాట్లాడనక్కరలేదు కదా. టోపీ తీసి, తల వంచుకుని నిలబడితే చాలు. "ఎంత గంభీరమైన మనిషి!" అని జనం ఓట్లు గుద్దేశారు. ఆ పెద్దమనిషి చాలాకాలం కౌన్సిలర్‌గా వెలిగి, ఒకనాడు ఉత్సాహం ఆపుకోలేక ఉపన్యాసం ఇచ్చి ఓడిపోయాడు.

ఇంత ఘనుడి మాట పేటలో ఎవరికీ ఒక్కసారి వింటే అర్థమయ్యేది కాదు. ఆయన ఇంగ్లీషు మాట్లాడితే నోట్లో వేడి బంగాళాదుంప పెట్టుకుని ప్రార్థన చేస్తున్నట్టుండేది. ఆ ఇంగ్లీషును మొదటిసారి విని, మొదటిసారే అర్థం చేసుకున్న మహానుభావుడు మా నర్సాపురం రత్నరాజు.

రత్నరాజు చదివింది కాన్వెంటులో. అక్కడ సిస్టర్ బ్రిజిడ్ అని ఒక ఐరిష్ సన్యాసిని, చేతిలో బెత్తం, నోట్లో సరిగ్గా ఇదే ఇంగ్లీషు. "ఆవిడ చెప్పింది అర్థం కాకపోతే అరచెయ్యి వాచేది. అందుకని అర్థమైపోయేది" అంటాడు రత్నరాజు. నర్సాపురంలో ఎల్ఐసీ ఏజెంటుగా ఉంటూనే మున్సిపల్ చైర్మన్ గారి జీపు వెనక తిరిగినవాడు. నాయకుడు కనబడితే దండ వెయ్యకుండా చేతులు ఆగవు. ఇప్పుడు మాంట్రియల్లో ఒక ఆసుపత్రి వంటశాలలో పని. భార్య బాలకుమారి వృద్ధాశ్రమంలో పెద్దవాళ్ళను చూసుకునే ఉద్యోగం చేస్తుంది. కూతురు షెర్లీ కాలేజీలో చదువుతూ, తెలుగులో అడిగిన ప్రశ్నలకు ఇంగ్లీషులో జవాబులు చెబుతుంది.

వాళ్ళ కష్టమల్లా ఇల్లు. మాంట్రియల్ పాత ఇళ్ళకు మెట్లు బయట ఉంటాయి. ఇనుప మెట్లు. అవీ తిన్నగా ఉండవు, జిలేబీ చుట్టినట్టు మెలికలు తిరుగుతూ పైకి పోతాయి. రత్నరాజు వాళ్ళది మూడో అంతస్తు. చలికాలంలో ఆ మెట్ల మీద మంచు గడ్డకడితే, బాలకుమారి రెండు చేతులతో కమ్మీ పట్టుకుని, తాటిచెట్టు దిగినట్టు వెనక్కి తిరిగి దిగేది.

"ఏవండీ, కింద నేల తగులుతోందా?"

"ఇంకా లేదు. ఇంకో మెలిక ఉంది."

"ప్రభువా!"

చివరికి ఆమె కుడి మోకాలు అరిగిపోయింది. డాక్టరు ఫొటోలు చూసి, "వచ్చే జూలై నెలలో మోకాలు మారుస్తాం. కానీ మీరు మెట్లు లేని ఇంట్లో ఉంటేనే. ఆ మెలికల మెట్ల ఇంటికి మాత్రం పంపించం. ఇల్లు దొరక్కపోతే చెప్పండి, మీ వంతు ఇంకొకరికి ఇస్తాం" అన్నాడు. వంతు పోతే మళ్ళీ ఎన్నాళ్ళకో. అప్పటిదాకా ఉద్యోగం ఉండదు, నడకా ఉండదు. ఆ ఊళ్ళో ఇంకో వింత ఉంది. అద్దె ఒప్పందాలన్నీ జూన్ ఆఖరుకు ముగుస్తాయి. జూలై ఒకటిన ఊరికి ఊరే ఇళ్ళు మారుతుంది. ఆ రోజున దొరికితే దొరికినట్టు, లేకపోతే మరుసటి ఏడాదే. పేటలో నేలమట్టం ఇంటికి ఉన్న గిరాకీ మన వైపు ఎమ్మెల్యే టిక్కెట్టుకు కూడా ఉండదు.

అలాంటి పరిస్థితిలో రత్నరాజు మల్వేనీ గారి దర్బారుకు వెళ్ళాడు. దర్బారు అంటే ఒక కాయిన్ లాండ్రీ, చిల్లర వేస్తే మెషిను బట్టలుతికే కొట్టు. డ్రయర్ల పక్కన గోడకు ఆనించిన కుర్చీలో ఆయన కూర్చునేవారు. చలికాలం వెచ్చదనం ఉచితం. పైగా మెషిన్లు గడగడలాడుతుంటే ఎవరి రహస్యం ఎవరికీ వినబడదు. మెషిను ఆగగానే వచ్చినవాడు నోరు మూసుకోవాలి, మళ్ళీ తిరగడం మొదలుపెట్టాక వాక్యం పూర్తి చెయ్యాలి. కష్టం చెప్పుకోవడానికి వచ్చినవాళ్ళు ఉతికిన బట్టలే మళ్ళీ ఉతికేవారు.

రత్నరాజు ఒక దుప్పటి పడేసి, అది తిరుగుతుండగా మోకాలి కథంతా చెప్పాడు.

మల్వేనీ గారు టోపీ అంచు మీద వేలు పెట్టారు. "నాకో మనిషి తెలుసు."

"కానీ సార్, నేను ఇంకా సిటిజన్ కాలేదు. పర్మనెంట్ రెసిడెంటునే. నాకు ఓటు లేదు."

"ఓటు లేదా? భలే! ఓటున్నవాడు తన ఓటు వేసి ఇంటికెళ్ళి పడుకుంటాడు. లేనివాడైతే సాయంత్రం దాకా వీధిలో తిరిగి పదిమంది చేత వేయిస్తాడు. నాకు కావలసింది నీలాంటివాడే."

సాక్షాత్తూ చైర్మన్ గారి మాటలా వినబడింది రత్నరాజుకు. ఒళ్ళు పులకరించింది.

అంతకు ముందే మల్వేనీ గారి మనుషుల మహిమ ఆ ఇంటికి తెలుసు. ఒక జనవరిలో పైపు గడ్డకట్టి నీళ్ళు ఆగిపోతే, "నాకో మనిషి తెలుసు" అన్నారు. వీళ్ళు పనుల నుంచి వచ్చేసరికి కుళాయి గోదావరిలా పారుతోంది. మనిషి జాడ లేదు. మర్నాడు లాండ్రీలో మల్వేనీ గారి కోటు, టోపీ, మేజోళ్ళు డ్రయర్లో తిరుగుతున్నాయి.

"ఏమిటి సార్, తడిశారా?"

"వాన" అన్నారాయన, బయట మంచు కురుస్తుండగా.

ఇంకోసారి మంచు తోసే బండి వచ్చి, రోడ్డు మీది మంచంతా రత్నరాజు పాత కరోలా మీద గుట్ట పోసింది. ఆ మరుసటి ఉదయమే బాలకుమారికి ఆసుపత్రి అపాయింట్‌మెంటు. తెల్లవారి చూస్తే కారు పెళ్ళికొడుకులా తయారై ఉంది. హెడ్‌లైట్లు కూడా తుడిచి ఉన్నాయి. ఆ రోజు మల్వేనీ గారు నడుం మీద వేడినీళ్ళ సంచీ కట్టుకుని, కుర్చీలో గురక పెడుతూ కనిపించారు.

"పాపం, ఇంతమంది మనుషుల్ని నడిపించాలంటే ఎంత శ్రమ!" అని జాలిపడ్డాడు రత్నరాజు. "మా చైర్మన్ గారి మనుషులు జీపులో కూర్చుని కనబడుతూనే ఉండేవారు. పనులే కనబడేవి కావు. ఈయనవి పనులు కనబడతాయి, మనుషులు కనబడరు. దీన్నంటారు మెషినరీ అని!"

మల్వేనీ గారి మనిషి పని చెడగొట్టింది ఒక్కసారే. ఆశ్రమంలో ముసలివాళ్ళతో మాట్లాడ్డానికి బాలకుమారికి ఫ్రెంచి కావలసివచ్చింది. "నాకో మనిషి తెలుసు. బిడియస్థుడు. ఫోనులోనే చెబుతాడు" అన్నారాయన. రోజూ సాయంత్రం ఒక గొంతు ఫోన్ చేసి పాఠం చెప్పేది. ఫ్రెంచి బళ్ళోనే పెరిగిన షెర్లీ స్పీకరులో ఒక పాఠం విని, "అమ్మా, దిస్ ఈజ్ నాట్ ఫ్రెంచ్. దిస్ ఈజ్ నాట్ ఎనీథింగ్" అంది.

"నోర్ముయ్యి, గురువుని అలా అనకూడదు" అంది బాలకుమారి.

నెల తిరిగేసరికి ఆమె ఆశ్రమంలో ధైర్యంగా ఫ్రెంచి మాట్లాడింది. ఫ్రెంచివాళ్ళెవరూ పలకలేదు. మూల కుర్చీలో ఉన్న ఒక ఐరిష్ తాతగారు మాత్రం, "అమ్మా, నువ్వు మా జిల్లా దానివా?" అని ఆమె చెయ్యి పట్టుకుని వదల్లేదు.

ఇదిలా ఉండగా నవంబరులో నగర ఎన్నికలు వచ్చాయి. మల్వేనీ గారి అభ్యర్థి జిసెల్ అనే ఆవిడ. అప్పటికే కౌన్సిలర్. ఆవిడ గెలిస్తే నేలమట్టం ఇళ్ళ గురించి నాలుగుచోట్ల మాట వెయ్యగలదు. అవతలి వైపు ఒక కుర్రవాడు, ఇంటింటికీ కాకుండా ఫోను ఫోనుకీ ప్రచారం చేస్తున్నాడు.

"జిసెల్ గెలవాలి రాజూ. నీ ఇల్లు ఆ దారినే రావాలి" అన్నారు మల్వేనీ గారు.

ఆ ఒక్క మాటతో రత్నరాజులో నర్సాపురం నిద్ర లేచింది. నాయకుడి రుణం తీర్చడానికి అతనికి తెలిసిన విద్య ఒకటే. ఫ్లెక్సీ. షెర్లీ ఫోన్లో మల్వేనీ గారి ఫొటో ఒకటి ఉంటే, తెలుగు సంఘం కుర్రవాడు జయదేవ్ చేత కంప్యూటర్లో డిజైను చేయించాడు. మధ్యలో మల్వేనీ గారు నిలువెత్తున, నల్లకళ్ళద్దాలతో. వెనక ఉదయించే సూర్యుడు. కుడిపక్క సింహం. ఎడమపక్క రెండు పావురాలు. పైన ఎర్రటి అక్షరాల్లో "పేదల పెన్నిధి, పాయింట్ సింహం, మా ప్రియతమ నాయకులు ఫింటన్ మల్వేనీ అన్నగారి నాయకత్వం వర్ధిల్లాలి" అని. కింద శుభాకాంక్షలు తెలిపేవారి ఫొటోలు వరసగా, తపాలా బిళ్ళల్లా. అందులో రత్నరాజు, జయదేవ్, చర్చి సంఘ పెద్దలు. ఆ వరసలో చిట్టచివర, చోటు మిగిలితే, అభ్యర్థి జిసెల్.

"అంకుల్, పోటీ చేసేది ఆవిడ కదా? మరీ చిన్నగా ఉంది" అన్నాడు జయదేవ్.

"నీకు రాజకీయం తెలియదయ్యా. ముందు నాయకుడు, తరవాతే అభ్యర్థి."

"నాన్నా, ఐ థింక్ దేర్ ఆర్ రూల్స్" అంది షెర్లీ.

"రూల్సు ఓడిపోయేవాళ్ళకి" అన్నాడు రత్నరాజు, మూడో అంతస్తు బాల్కనీ నుంచి ఫ్లెక్సీని కిందికి జారవిడుస్తూ.

అది మూడో అంతస్తు నుంచి నేల దాకా దిగింది. రెండో అంతస్తు కిటికీలన్నీ మూసుకుపోయాయి. ఆ ఇంటావిడ పొద్దున్నే లేచి, బయట చీకటిగా ఉందని మళ్ళీ పడుకుని, మధ్యాహ్నం లేచి, ఇంకా చీకటిగానే ఉందని భయపడి చెల్లెలికి ఫోన్ చేసింది. చెల్లెలు వచ్చి చూసి ఫొటో తీసింది. సాయంత్రానికి ఊరంతా చూసింది.

అర్ధ శతాబ్దంగా ఎవరికీ కనబడకుండా చక్రం తిప్పిన మల్వేనీ గారు ఒక్క పూటలో సింహంతో సహా బయటపడ్డారు. అవతలి కుర్రవాడు ఆ ఫొటోనే పెట్టి, "మన పేటను ఏలుతున్న ఈ నల్లకళ్ళద్దాల పెద్దమనిషి ఎవరు? ఆ సింహం ఎవరు? ఆ అక్షరాలు ఏ భాష?" అని మూడు ప్రశ్నలు వేశాడు. ఎన్నికల వాళ్ళు మర్యాదగా వచ్చి, మర్యాదగా ఫ్లెక్సీ దింపించారు. జిసెల్ ఓడిపోయింది.

ఆ రోజు రత్నరాజు ఇంట్లో అన్నం ఉడకలేదు.

"నా మోకాలు నీ ఫ్లెక్సీకి కట్టి దింపావు కదయ్యా!" అంది బాలకుమారి. ఏవండీ అనడం మానేసి ఏకవచనంలోకి దిగిందంటే విషయం చాలా దూరం వెళ్ళినట్టే. "ఆవిడ ఫొటో అయినా కాస్త పెద్దగా వేయించకపోయావా?"

"సింహానికి చోటు కావలసివచ్చిందే..."

"ఆ సింహం మీదెక్కి ఆసుపత్రికి వెళ్ళమంటావా?"

రత్నరాజు లాండ్రీకి వెళ్ళి, ఉతకడానికి ఏమీ తీసుకెళ్ళలేదు కాబట్టి, మెడలో మఫ్లరు తీసి మెషిన్లో వేసి, మల్వేనీ గారి ముందు చేతులు కట్టుకు నిలబడ్డాడు. "సార్, నా వల్లే మీ పరువు పోయింది."

మల్వేనీ గారు కుర్చీ ముందుకు జరుపుకున్నారు. "ఆ సింహాన్ని నా పక్కన కుడివైపు ఎందుకు పెట్టావు?"

"గౌరవం సార్."

"యాభై ఏళ్ళలో నేను మేయర్లకు సైతం దారి చూపించాను. నా పక్కన సింహాన్ని నిలబెట్టిన మగవాడు ఒక్కడూ లేడు." ఆయన కళ్ళు మెరుస్తున్నాయి. "ఆ బట్ట నాకు ఇచ్చెయ్యి. మా అక్కకు పంపాలి. ఐర్లండులో ఆమె ఇప్పటికీ నేను ఎందుకూ పనికిరానని అనుకుంటోంది."

"కానీ మా ఇల్లు సార్..."

మెషిను ఆగింది. మల్వేనీ గారు కూడా ఆగారు. మఫ్లరు మళ్ళీ తిరగడం మొదలుపెట్టాక, "నాకో మనిషి తెలుసు" అన్నారు.

ఈసారి రత్నరాజుకు నమ్మకం కలగలేదు. ఓడిన పార్టీ మాట ఎవడు వింటాడు? కొత్త కౌన్సిలర్ ఆఫీసులో మల్వేనీ గారి పేరు చెబితే, "ఆ సింహం ఆయనేనా?" అని నవ్వుతున్నారట. లాండ్రీకి వచ్చేవాళ్ళు కూడా నిజంగానే బట్టలు ఉతుక్కోవడానికి రావడం మొదలుపెట్టారు.

కానీ చలికాలం చివర్లో మల్వేనీ గారే స్వయంగా ఫోన్ చేశారు. "దొరికింది. మీ వీధి చివరే. నేలమట్టం. ఒక్క మెట్టు కూడా లేదు. అందులో ఉన్న మనిషి జూలై ఒకటిన ఖాళీ చేస్తాడు. మీ ఇంట్లోకి అతనే వస్తాడు. ఇద్దరి ఇళ్ళకీ యజమాని ఒకడే, ఒప్పుకున్నాడు."

"నేలమట్టం వదిలేసి మా జిలేబీ ఎక్కుతాడా? ఎవరండీ ఆ పిచ్చివాడు?"

"పిచ్చివాడే" అని ఒప్పుకున్నారు మల్వేనీ గారు. "పై నుంచి పేట చివరి కాలువ చూడాలని మోజట."

ఇల్లు చూడ్డానికి ముగ్గురూ వెళ్ళారు. మనిషి ఊళ్ళో లేడని మల్వేనీ గారే తాళం తీశారు. "నేనూ ఇదే రావడం" అంటూ గోడ తడిమి, తలుపు వెనక బీరువా పక్కన మూల దాక్కున్న స్విచ్చి మొదటి దెబ్బకే నొక్కారు. గోడ మీద యేసు ప్రభువు పటం, పొయ్యి మీద మసిబారిన కెటిల్. ఇంతలో ఒక బొద్దు పిల్లి వచ్చి ఆయన కాళ్ళ మధ్య ఎనిమిది అంకె వేస్తూ తిరగసాగింది.

"పిల్లులకు నేనంటే ఎందుకో ఇష్టం" అన్నారాయన, దాన్ని బూటుతో మెల్లిగా నెడుతూ. "పోవే మార్గరెట్... అంటే, దాని పేరు మార్గరెట్ అయి ఉంటుందని."

షెర్లీ తండ్రి చెవిలో, "నాన్నా, దిస్ ఈజ్ హిజ్ హౌస్" అంది.

"నీ మొహం! బాసులు ఇలాంటి ఇంట్లో ఉంటారా? కొండ మీద బంగళా ఉండి ఉంటుంది. గేటు దగ్గర కుక్క ఉండి ఉంటుంది" అన్నాడు రత్నరాజు. నర్సాపురంలో చైర్మన్ గారికి మూడు మేడలు. ఇంత పెద్ద దేశంలో, ఇంత పెద్ద నాయకుడికి, ఇంత ఇరుకు ఇల్లా? రత్నరాజు బుర్రలోకి ఆ ఊహ పోనే పోదు.

జూలై ఒకటి వచ్చింది. వీధి వీధంతా లారీలే. సోఫాలు గాల్లో తాళ్ళ మీద ఊగుతున్నాయి, ఫ్రిజ్‌లు మెలికల మెట్ల మధ్య ఇరుక్కుని ఉన్నాయి, మొగుడూ పెళ్ళాలు మంచానికి చెరో కొసా పట్టుకుని విడాకుల గురించి మాట్లాడుకుంటున్నారు. తెలుగు సంఘం కుర్రాళ్ళు జయదేవ్, అచ్యుత్, వాళ్ళ స్నేహితులు వచ్చి రత్నరాజు సామాను దింపారు. బాలకుమారిని ఆఖరిసారి మెట్లు దింపి, చదును నేల మీద నడిపించుకుంటూ కొత్త ఇంటికి తీసుకెళ్ళారు. ఆమె గడప దగ్గర ఆగి, మెట్టు లేదని కాలితో తడిమి చూసుకుని, గట్టిగా ఏడ్చి, వెంటనే పొయ్యి ఎటు పెట్టాలో చెప్పడం మొదలుపెట్టింది.

మిగిలిన పెట్టెల కోసం పాత ఇంటికి వచ్చిన రత్నరాజుకు మెట్ల కింద కాలిబాట మీద ఇంకొకరి సామాను కనిపించింది. పైకి వచ్చే పిచ్చివాడిది కాబోలు. యేసు ప్రభువు పటం, కెటిల్, బుట్టలో పిల్లి. పక్కనే మూత లేని పెద్ద పెట్టె. అందులో పైపులు బిగించే రెంచి ఉంది. మంచు తోడే పార ఉంది. రంగు డబ్బాలు ఉన్నాయి. చెట్టెక్కే తాడు ఉంది. అట్ట చిరిగిన ఫ్రెంచి వాచకం ఉంది, మొదటి పాఠం దగ్గర ఆకు మడిచి.

ఆ పెట్టె వెనక నుంచి దీపపు స్టాండు చంకలో పెట్టుకుని మల్వేనీ గారు వచ్చారు. రత్నరాజును చూసి ఆగిపోయారు. దాక్కుందామంటే స్టాండు చాలా సన్నగా ఉంది.

"సార్... మీరా?"

"ఆ మనిషి ఇప్పుడే... టీ తాగడానికి వెళ్ళాడు."

"సార్."

మల్వేనీ గారు నిట్టూర్చి మొదటి మెట్టు మీద కూర్చున్నారు.

"అయితే ఆ పైపు బాగుచేసిన మనిషి?"

"నేనే."

"కారు మీద మంచు తీసింది?"

"నేనే. నీ కారు కుడివైపు అద్దం కూడా నేనే విరక్కొట్టాను. చెబుదామనే అనుకుంటున్నాను."

"ఫ్రెంచి మాస్టారు?"

"రోజూ పొద్దున పాఠం చదివి, సాయంత్రం చెప్పేవాణ్ణి. ఆమె నాకంటే ముందుకు వెళ్ళిపోయింది."

రత్నరాజు నోరు వెళ్ళబెట్టాడు. "అంటే మీకు మనుషులు..."

"ఎప్పుడూ లేరు."

"మరి ఈ పార్టీలు, ఈ కౌన్సిలర్లు, ఇంతమంది మిమ్మల్ని చూసి భయపడింది?"

"వాళ్ళకూ నా మనుషులంటేనే భయం. చూడు రాజూ, 'నేనొక్కణ్ణే వచ్చి చేస్తాను' అంటే నువ్వు మొదటిసారే వద్దంటావు. 'ముసలాణ్ణి ఎందుకు కష్టపెట్టడం' అని పైపు గడ్డకట్టినా, మోకాలు అరిగినా నోరు మూసుకుని కూర్చుంటావు. వెనకాల ఒక దండు ఉందంటే, మొహమాటం లేకుండా అడుగుతావు. జనం అడగడం మానేస్తే ఇక నా లాండ్రీకి ఎవరొస్తారు?"

"మరి ఇప్పుడు ఈ జిలేబీ మీరు రోజూ ఎలా ఎక్కుతారు సార్?"

"కాలువ చూడాలని మోజని చెప్పానుగా."

"ఈ ఇంట్లోంచి కాలువ కనబడదు సార్. ఎదురుగా గోడ."

మల్వేనీ గారు తలెత్తి పైకి చూశారు. ఆ సంగతి ఆయనకు తెలియదు. "గోడలు కూడా నాకు ఇష్టమే" అన్నారు.

రత్నరాజుకు ఏడుపు రాబోయింది. కానీ ఏడిస్తే పని కాదని చైర్మన్ గారి దగ్గర నేర్చుకున్నాడు. ఫోన్ తీశాడు. "సార్, మీకు ఒక్క మనిషే తెలుసు. నాకు వాట్సాప్ గ్రూపు తెలుసు."

పావుగంటలో తెలుగు సంఘం వీధిలో ఉంది. పెట్టెలు కన్ను మూసి తెరిచేలోగా పైకి పోయాయి. పిల్లి బుట్ట పైకి పోయింది. ఆఖరికి మల్వేనీ గారు, కుర్చీ మిగిలారు.

"కూర్చోండి సార్" అన్నాడు రత్నరాజు.

"కుర్చీ పైకి తీసుకెళ్ళండి, నేను నడిచి..."

"కూర్చోండి అంకుల్" అని జయదేవ్, అచ్యుత్ చెరో పక్కా పట్టుకుని కూర్చోబెట్టేశారు. ఇంకో ఇద్దరు వెనక కాళ్ళు పట్టారు. కుర్చీ లేచింది. మెలిక మెలికకూ అచ్యుత్, "అంకుల్, తల!" అని అరుస్తున్నాడు. మల్వేనీ గారు తల వంచుతున్నారు, తిడుతున్నారు, మళ్ళీ తల ఎత్తుతున్నారు. రత్నరాజు ముందు నడుస్తూ, వీధంతా వినబడేలా, తెలుగులో, "జరగండి! జరగండి! అన్నగారు వస్తున్నారు!" అని కేకలు వేస్తున్నాడు. ఎదురింటి బాల్కనీలో ఫ్రెంచివాళ్ళు ఇదేదో పెళ్ళి అనుకుని చప్పట్లు కొట్టారు.

"ఇకమీదట రోజూ పొద్దున్న ఇద్దరు దింపుతారు, సాయంత్రం ఇద్దరు ఎక్కిస్తారు సార్. భోజనం మా ఇంట్లో. బాలకుమారి చెప్పింది, ఎదురు చెబితే ఆమే పైకొస్తానంది, కొత్త మోకాలు రాగానే."

మల్వేనీ గారు టోపీ కళ్ళ మీదికి లాక్కున్నారు.

చివరికి చెమటలు కక్కుతూ, రొప్పుతూ కుర్రాళ్ళు కుర్చీని మూడో అంతస్తు వసారాలో దింపారు. జయదేవ్ గోడకు జారగిలబడ్డాడు. అచ్యుత్ మెట్ల మీదే పడుకున్నాడు. మల్వేనీ గారు టోపీ సర్దుకుని, కమ్మీ పట్టుకుని కిందికి తొంగిచూశారు. వీధి పొడుగునా లారీలు, లారీల చుట్టూ పెట్టెలు మోసుకుంటూ కొత్త మొహాలు. పేటకు కొత్తగా దిగిన కుటుంబాలు. ఆయన వెన్ను నిటారుగా లేచింది.

"రాజూ! వీళ్ళలో ఒక్కడు కూడా ఓటుకు అడ్రసు మార్పించుకుని ఉండడు! అవతలి కుర్రాడు ఫోన్ తీసేలోపల మనం వెళ్ళి సోఫా ఒక కొస పట్టుకోవాలి. దించండి నన్ను, త్వరగా!"

జయదేవ్ అచ్యుత్ వంక చూశాడు. అచ్యుత్ ఆకాశం వంక చూశాడు. రత్నరాజు అప్పటికే మెట్ల దగ్గర నిలబడి, గొంతు సవరించుకుంటున్నాడు.